ఉల్లాపూల్‌లో ఆగిన బండి

స్కాట్లాండ్ ఉత్తరాన, పడమట పరుచుకున్న కొండసీమ హైలాండ్స్. జులై నెలాఖరు. ఇంగ్లండ్‌లో పిల్లలకు అప్పుడే సెలవులిస్తారు, స్కాట్లాండ్‌లో ఆగస్టు నడిమికల్లా బడులు తెరిచేస్తారు. గ్లాస్గోలో ఫిజిక్స్ చెప్పే అక్కకూ, మాంచెస్టర్‌లో ఉద్యోగం చేసే తమ్ముడికీ ఒకేసారి తీరిక దొరికేది ఆ కొద్ది రోజులే. విజయవాడ నుంచి అమ్మానాన్నలు వచ్చారు. తమ్ముడి పిల్లలిద్దరూ వచ్చారు, భార్యకు ఆసుపత్రి డ్యూటీ పడి ఆగిపోయింది. ఆరుగురు పడుకునే క్యాంపర్‌వ్యాన్ ఒకటి అద్దెకు తీసుకుని గ్లాస్గోలో బయల్దేరి గ్లెన్‌కో, ఫోర్ట్ విలియమ్, టారిడన్ దాటి ఉల్లాపూల్ అనే రేవు ఊరు చేరారు. దారి పొడవునా వాన. లాక్ బ్రూమ్ అనే సముద్రపు పాయ ఒడ్డున క్యాంప్‌సైట్‌లో బండి నిలబెట్టారు. పెద్దవాళ్లూ పిల్లలూ పడుకున్నాక అక్కాతమ్ముళ్లిద్దరూ గొంతు తగ్గించి పడ్డ వాదం ఇది.

పరాయి దేశంలో ఉన్న పిల్లల దగ్గరికి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, వాళ్లకు ఎంత చూపించాలి, ఎలా చూపించాలి అన్న తగువు తెలుగు ఇళ్లలో తరచూ వస్తుంది. నా మనసు చాలావరకు అక్క వైపే. అయినా తమ్ముడి మాటల్లో కొట్టిపారేయలేనివి ఉన్నాయి, వాటిని పూర్తిగా వినాలి.

తమ్ముడు: రేపు ఏడింటికల్లా బయల్దేరితే మధ్యాహ్నానికి డర్నెస్, రాత్రికి బెటీహిల్. ఎల్లుండి జాన్ ఓ గ్రోట్స్. అక్కణ్నుంచి తూర్పు తీరం పట్టుకుని ఇన్వర్నెస్ దిగితే చుట్టు పూర్తవుతుంది.

అక్క: రేపు ఈ బండి ఇక్కణ్నుంచి కదలొద్దు రా. ఇంకో రాత్రికి ఇక్కడే చోటు అడుగుదాం.

తమ్ముడు: ఇక్కడా? ఏం చూస్తామక్కా ఇక్కడ? ఎదురుగా నీళ్లు, పైన మబ్బు, నడుమ వాన. నార్త్ కోస్ట్ 500 అంటే 516 మైళ్లు. ఇన్వర్నెస్ కోట దగ్గర మొదలై తీరమంతా చుట్టి మళ్లీ కోట దగ్గరికే చేరాలి. మనం సగం కూడా చూడలేదు. ఆ చూసిందైనా వైపర్ల సందులోంచి.

అక్క: ఆ పేరు 2015లో పుట్టింది. రోడ్లు అంతకుముందు నుంచీ ఉన్నవే, వాటిని కలిపి ఒక అంకె తగిలించారు. ఆ అంకె లేకపోతే రేపు ఎక్కడికి వెళ్దామనేవాడివి?

తమ్ముడు: ఆ అంకె తగిలించారు కాబట్టే ఇలాంటి ఊళ్లున్నాయని నాకు తెలిసింది. తప్పేముంది అందులో? తిరుపతి వెళ్లినవాళ్లు కాణిపాకం, శ్రీకాళహస్తి కలుపుకోరా?

అక్క: కలుపుకుంటారు. ప్రతిచోటా దిగి దణ్నం పెట్టుకుంటారు. మనం దిగుతున్నామా? టిండ్రమ్ దగ్గర ఏమైందో గుర్తుందా? ఎడమకు తిరిగితే అరగంటలో లాక్ ఆ అనే సరస్సు ఒడ్డున బెన్ క్రూఅఖన్ కొండ వచ్చేది. ఆ కొండ కడుపులో గుహ తొలిచి 1965లో విద్యుత్కేంద్రం కట్టారు. రాత్రి కరెంటుకు గిరాకీ లేనప్పుడు కింది సరస్సు నీళ్లను పైకి తోడతారు, గిరాకీ ఉన్నప్పుడు కిందికి వదులుతారు. అవే యంత్రాలు అటు పంపులు, ఇటు టర్బైన్లు. నాన్న ఉద్యోగమంతా ఎక్కడ చేశారు?

తమ్ముడు: శ్రీశైలం ఎడమగట్టు.

అక్క: అక్కడ 150 మెగావాట్ల యూనిట్లు ఆరు, భూమి లోపల. ఇదే పద్ధతి, నీళ్లు వెనక్కి తోడే యంత్రాలే. ప్రపంచంలో ఇంత పెద్ద ఎత్తున ఆ పద్ధతిని మొదట నిలబెట్టిన కేంద్రాల్లో క్రూఅఖన్ ఒకటి. ఒడ్డున బండి ఆపి, అదిగో నాన్నా, ఆ కొండ లోపలే అని వేలు చూపిస్తే చాలు, ఆయనకు ఈ దేశం వచ్చినందుకు సార్థకమయ్యేది. నువ్వేమన్నావు? పన్నెండింటికల్లా గ్లెన్‌కోలో ఉండాలి, ప్లాన్ తప్పుతుంది అన్నావు.

తమ్ముడు: గ్లెన్‌కో చూడకపోతే ఎట్లా? 1692 ఫిబ్రవరిలో తమ ఇళ్లలో బస చేసిన సైనికుల చేతుల్లోనే మెక్‌డొనాల్డ్ వంశం వాళ్లు చచ్చిన చోటది. పిల్లలకు చెబుదామనే కదా తీసుకొచ్చాను.

అక్క: చెప్పావా?

తమ్ముడు: వాన. పార్కింగ్ నిండిపోయింది. దిగలేదు.

అక్క: దిగలేదు. అక్కడా దిగలేదు, క్రూఅఖన్‌కూ తిరగలేదు. ప్లాన్ మాత్రం తప్పలేదు.

తమ్ముడు: సరే, నీ మాట విన్న చోట ఏం ఒరిగింది? ఆపిల్‌క్రాస్ కనుమ వద్దన్నావు, వదిలేశాను. బ్యాలఖ్ న బా, ఆవుల్ని తోలుకెళ్లిన దారి. నేను ఈ ప్రయాణం మొత్తంలో ఎదురుచూసింది ఆ ఒక్క రోడ్డు కోసం.

అక్క: సముద్ర మట్టం నుంచి మొదలై 626 మీటర్లు ఎక్కుతుందది. కొన్నిచోట్ల అయిదడుగులు వెళ్తే అడుగు ఎత్తు లేస్తుంది. మలుపులన్నీ వెనక్కి తిరిగేవే. కొత్తగా బండి నేర్చుకునేవాళ్లు, పెద్ద వాహనాలు, క్యారవాన్లు ఎక్కొద్దని కిందే బోర్డు పెట్టారు. నీకు మామూలు కారు తోలడం అలవాటు. ఇది ఆరుగురి పడకలున్న బండి. ఎదురుగా ఇంకో వ్యాను వస్తే ఇద్దరిలో ఒకరు ఆ మలుపుల్లో వెనక్కి నడపాలి. పైన మబ్బు కమ్మి ఉంది. అమ్మానాన్నల్ని కూర్చోబెట్టుకుని ఆ పని చేస్తావా?

తమ్ముడు: ఆ మాట ఒప్పుకున్నాను కాబట్టే షీల్డాగ్ వైపు తిప్పాను. అక్కడ ఒప్పుకున్నానని ప్రతిచోటా ఆగిపోమంటే ఎట్లా? అసలు ఈ బండిలో వానకు ఆగడం అంటే ఏమిటో చూస్తున్నావు కదా. అద్దాల లోపలివైపు నీళ్లు కారుతున్నాయి. పిల్లల సాక్సులు ఆరలేదు. పై బెడ్డు మీద పరుపు అంచు తడిసింది. పొద్దున హీటర్ వేసి, రైస్ కుక్కర్ పెట్టి, కెటిల్ ఆన్ చేశాను, కరెంటు కొట్టేసింది.

అక్క: క్యాంప్‌సైట్ వాళ్లు ఇచ్చేది పది ఆంప్స్. అంటే 2300 వాట్లు. కెటిల్ ఒక్కటే దాన్ని మింగేస్తుంది. గ్యాస్ పొయ్యి ఉంది కదా, టీ దాని మీద పెట్టు. నీళ్లు కారడానికి కారణం వాన కాదు. ఆరుగురం లోపల ఊపిరి వదులుతున్నాం, అన్నం ఉడుకుతోంది, గ్యాసు మండినా పుట్టేది నీటి ఆవిరే. నువ్వేమో చలి అని కప్పు మీద కిటికీ బిగించేశావు. అది వేలెడంత తెరిచి ఉంచు. తడి బట్టలు హీటర్ మీద వెయ్యకు, లండ్రీ రూమ్‌లో డ్రయ్యర్ ఉంది.

తమ్ముడు: నీకు దేనికైనా పాఠం ఉంటుందక్కా. నేనడిగేది ఒకటే. ఫోర్ట్ విలియమ్‌లో ఏడాదికి 2000 మిల్లీమీటర్ల దగ్గర పడుతుందని నాన్నకు నువ్వే చెప్పావు, మన హైదరాబాదుకు రెండింతలు పైగా. ఇన్వర్నెస్‌లో అందులో సగం కూడా పడదనీ చెప్పావు. అట్లాంటిక్ మీదుగా వచ్చే తడి గాలి పడమటి కొండలెక్కి ఇక్కడ దించేసుకుంటే, తూర్పుకు మిగిలేది తక్కువ. మరి తూర్పుకు వెళ్దామంటే వద్దంటావేమిటి? ఏప్రిల్, మే, జూన్‌లలో వస్తే పొడిగా ఉంటుందనీ నీకు తెలుసు. మనకు ఆ నెలల్లో కుదరదు. కుదిరిన రోజుల్లోనైనా ఎండ ఉన్నవైపు పోవాలి కదా.

అక్క: తూర్పుకు వెళ్దాం, నేను కాదనను. చుట్టు తిరిగి వద్దంటున్నాను. ఇక్కణ్నుంచి ఇన్వర్నెస్‌కు నేరుగా రోడ్డుంది, గంటన్నర. వాన విషయానికి వస్తే, దాన్ని తప్పించుకుని ఈ సీమను చూడటం కుదరదు. ఫోర్ట్ విలియమ్‌లో కొండ దిగి వస్తున్న లావుపాటి పైపులు చూసి నాన్న అడిగారు, గుర్తుందా? బెన్ నెవిస్ కింద పదిహేను మైళ్ల సొరంగం తొలిచి, సరస్సుల నీళ్లు అందులోంచి తెచ్చి, వాటితో కరెంటు పుట్టించి, 1929 నుంచి ఆ ఊళ్లో అల్యూమినియం తీస్తున్నారు. వాన లేకపోతే ఆ కార్ఖానా లేదు. ఉత్తరాన ఫ్లో కంట్రీ అని వేల చదరపు కిలోమీటర్ల పీట్ నేల ఉంది. స్ఫాగ్నమ్ అనే నాచు వాననీళ్లను పట్టి ఉంచి, పూర్తిగా కుళ్లకుండా పొరలు పొరలుగా పేరుకుంటూ ఏడాదికి మిల్లీమీటరు పెరుగుతుంది. కొన్నిచోట్ల పది మీటర్ల లోతుంది. దాన్ని 2024 జులైలో ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించారు, ఆ సమావేశం జరిగింది మన ఢిల్లీలోనే. వాన పలచబడిందంటే ఆ నాచు ఎండుతుంది, పట్టి ఉంచిన కార్బన్ గాల్లోకి పోతుంది.

తమ్ముడు: ఇవన్నీ నిజమే కావచ్చు. కానీ నాచు చూడ్డానికి అమ్మ పదకొండు గంటలు విమానంలో కూర్చోలేదు. బ్రిటన్‌లోకెల్లా ఎత్తైన కొండ, 1345 మీటర్లు, బెన్ నెవిస్ చూపిస్తానన్నాను. దాని కింద నిలబడ్డాం, కొండ కనబడలేదు. అమ్మ 'ఎక్కడ నాయనా?' అంది. మబ్బు చూపించి 'అందులో ఉందమ్మా' అన్నాను. నాకెంత బాధేసిందో నీకు తెలియదు.

అక్క: తెలుసు. నేను పక్కనే ఉన్నాను. నువ్వు అలా అన్నప్పుడు నాకు చెప్పాలనిపించిన కథ ఒకటుంది, అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఆ కొండ కొసన 1883 నుంచి 1904 దాకా వాతావరణ కేంద్రం నడిపారు. చలికాలం మంచులో కూడా మనుషులు పైనే ఉండి గంటగంటకూ లెక్కలు రాశారు. 1894 సెప్టెంబరులో విల్సన్ అనే పాతికేళ్ల కుర్రాడు అక్కడ రెండు వారాలున్నాడు. మబ్బు మీద పడిన కొండ నీడ చుట్టూ రంగుల వలయాలు చూశాడు. వాటిని ప్రయోగశాలలో తయారుచేద్దామని గాజుపాత్రలో మబ్బు పుట్టించడం మొదలుపెట్టాడు. చివరికి అది క్లౌడ్ ఛాంబర్ అయింది. కంటికి కనబడని కణాలు ఆ మబ్బులో గీతలు గీస్తూ పోవడం మనిషి చూశాడు. 1927లో నోబెల్ ఇచ్చారు. ఏటా మా పిల్లలకు ఈ పాఠం చెబుతాను. మనం నిలబడి నిరాశపడ్డది ఆ మబ్బు కిందే.

తమ్ముడు: విల్సన్‌కు పాతికేళ్లక్కా. అమ్మకు అరవై తొమ్మిది, మోకాళ్లు అరిగిపోయాయి. రాత్రి బాత్రూమ్‌కు లేవాలంటే పిల్లల కాళ్ల మీదుగా దాటి రావాలి. నాన్నకు డెబ్బై నాలుగు. వీసా, టికెట్లు, ఇన్సూరెన్సు, ఇవన్నీ ఒకెత్తు, డాక్టరు ప్రయాణానికి సరేననడం ఇంకో ఎత్తు. మళ్లీ వస్తారా వీళ్లు? నిజం చెప్పు. నువ్వు ఇక్కడే ఉంటావు. ఈ ఎండాకాలం కాకపోతే వచ్చే ఎండాకాలం డర్నెస్ వెళ్తావు. వాళ్లకు ఇదొక్కటే. అందుకే నేను మైళ్లు లెక్కపెడుతున్నాను. నాకు గొప్ప కోసం కాదు.

ఇక్కడ అక్క చాలాసేపు మాట్లాడలేదు. ఈ వాదంలో అన్నిటికంటే బరువైన మాట ఇదే, దీన్ని పక్కకు నెట్టి అక్క పక్షం గెలిపించడం నాకిష్టం లేదు. ఏళ్ల తరబడి దూరంగా ఉన్న కొడుకు, ఉన్న కొన్ని రోజుల్లో లోకమంతా తెచ్చి తల్లి ఒళ్లో పోయాలనుకుంటాడు. అది ప్రేమే. కానీ ఆ ప్రేమ స్టీరింగ్ పట్టుకున్నప్పుడు వెనక సీట్లలో ఉన్నవాళ్ల ముఖాలు దానికి కనబడవు. కనబడే వీలు లేదు, దాని కళ్లు రోడ్డు మీదుండాలి.

అక్క: మళ్లీ రాకపోవచ్చు. నువ్వన్నది నిజం, నాకూ రాత్రుళ్లు అదే గుబులు. అందుకే అడుగుతున్నాను. ఈ ప్రయాణంలో అమ్మ మనం కాక ఇంకో మనిషితో ఎక్కడ మాట్లాడింది?

తమ్ముడు: ఎక్కడా?

అక్క: ఇవాళ లండ్రీ రూమ్‌లో. డ్రయ్యర్ కోసం ఈ ఊరావిడ ఒకామె కూర్చుని ఉంది. అమ్మకు వచ్చిన ఇంగ్లీషు నీకు తెలుసు. ఆమె మాట తీరు నాకే సగం అర్థం కాదు. ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. ఆమెకు ముగ్గురు పిల్లలు, ఒకడు అబెర్డీన్‌లో, ఒకడు ఆస్ట్రేలియాలో, కూతురు గ్లాస్గోలో. అమ్మ నాకు వాళ్ల జీతాలతో సహా చెప్పింది. 'వీళ్ల పిల్లలూ మనలాగే ఎగిరిపోయారే' అంది. నువ్వు గంట వృథా అయిందని అప్పుడు విసుక్కున్నావు.

తమ్ముడు: విసుక్కోలేదు. ఆలస్యమైందన్నాను.

అక్క: ఎక్కడికి ఆలస్యం రా?

తమ్ముడు: పోనీ నీ మాటే వింటాను. ఒకచోటే ఉండాలి, ఊరివాళ్లతో కలవాలి అంటావు. అలాంటప్పుడు వ్యానెందుకు? మొదట్నుంచీ నువ్వు వ్యాను వద్దన్నావు. కాటేజీ తీసుకుందామన్నావు. ఎందుకు వద్దన్నావో కూడా చెప్పావు, గ్లాస్గో సూపర్‌మార్కెట్‌లో బియ్యం, పప్పు, కూరలు నింపుకుని ఈ ఊళ్ల రోడ్లు తొక్కి, ఇక్కడ పైసా ఖర్చుపెట్టకుండా పోతామని.

అక్క: ఇప్పటికీ అదే అంటాను. హైలాండ్ కౌన్సిల్ కింద 25,600 చదరపు కిలోమీటర్లుంది, మనుషులు రెండు లక్షల ముప్పై అయిదు వేల దాకా. రోడ్లు మాత్రం వేల కిలోమీటర్లు. అన్నేసి రోడ్లు ఆ కొద్దిమంది కట్టే పన్నుల మీద బాగుచేయాలి. ఒంటివరస రోడ్డు మీద నీ వెనక ఇంటింటికీ వెళ్లే నర్సు ఉండొచ్చు, బడి బస్సు ఉండొచ్చు.

తమ్ముడు: ప్రతి పాసింగ్ ప్లేస్ దగ్గరా ఆగి దారిచ్చాను.

అక్క: ఎదురొచ్చినవాళ్లకు ఇచ్చావు. వెనకొచ్చినవాళ్లకు కూడా ఇవ్వాలి, ఆ జాగాలు రెండింటికీ. కిన్‌లాఖ్యూ దాటాక నీ వెనక నాలుగు కార్లు చేరాయి. అదొకటి. ఇంకొకటి, ఎక్కడ బడితే అక్కడ రాత్రి ఆపుకోవచ్చు, స్కాట్లాండ్‌లో ఆ హక్కుంది అన్నావు. 2003 భూసంస్కరణ చట్టం ఇచ్చిన హక్కు కాలినడకన వెళ్లేవాళ్లకు, సైకిల్ మీద, గుర్రం మీద వెళ్లేవాళ్లకు. డేరా వేసుకోవచ్చు. మోటారు బండికి ఆ హక్కు లేదు. అది తెలియక ఎంతమంది సముద్రపు ఒడ్డున పచ్చిక మీద బళ్లు ఎక్కించేసి, టాయిలెట్ క్యాసెట్ ఎక్కడో ఖాళీ చేసి పోతున్నారో.

తమ్ముడు: మనం చెయ్యలేదు. ప్రతి రాత్రి క్యాంప్‌సైట్‌కు డబ్బు కట్టాం, క్యాసెట్ అక్కడే ఖాళీ చేశాను, నా చేతులతో. ఇప్పుడు నేనొకటి చెబుతాను, విను. కాటేజీ అన్నావు. నువ్వు చూపించిన కాటేజీలో ఎవరుంటారు? ఎవరూ ఉండరు. ఎడిన్‌బరోలోనో లండన్‌లోనో ఉన్నవాళ్లు కొని, వారాలకు అద్దెకిస్తారు. ఈ ఊళ్లో చేపల పడవ మీద పనిచేసే కుర్రాడు, బళ్లో కొత్తగా చేరిన టీచరు ఉండాల్సిన ఇల్లు అది. మనం అలాంటిది తీసుకుంటే ఊళ్లో ఒక గడపకు తాళం పడడానికి మనమూ డబ్బిచ్చినట్టే. నా బండి ఏ ఇల్లూ లాక్కోదు. రాత్రికి నిలబడుతుంది, పొద్దున్నే పోతుంది.

అక్క: ఊఁ.

తమ్ముడు: హోటలంటావా? ఆరుగురికి మూడు గదులు. ఎండాకాలంలో ఒక్క రాత్రికి ఎంతవుతుందో నీకు తెలుసు. అన్నీ పెట్టుకున్నా నాన్న ఏం తింటారు? మాంసం, చేప, ఉల్లి లేని సూప్ లేదు. మొదటి రోజు దారిలో కేఫ్‌లో ఆయన రొట్టెముక్క నంజుకుంటూ 'బాగానే ఉంది రా' అన్నారు చూశావా, నాకు ముద్ద దిగలేదు. ఈ బండిలో అమ్మ చారు పెట్టింది. బయట జోరుగా వాన, లోపల ఇంగువ పోపు. నాన్న రెండోసారి అన్నం కలుపుకున్నారు. హోటలు డబ్బులు లేని కుటుంబాలకు, ఊరి భోజనం తినలేని పెద్దవాళ్లకు ఈ కొండలు చూసే దారి ఇదొక్కటే. ఈ బళ్లను ఆపెయ్యమంటే ఉన్నవాళ్లే చూడాలని కదా అర్థం?

అక్క: ఇంటి సంగతి నేనంత దూరం ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నాను. వంట సంగతి ముందే ఒప్పుకోవాల్సింది.

అక్క ఒప్పుకున్నందుకు నాకు సంతోషమైంది. ఇలాంటి వాదాల్లో వ్యాను మీద కోపం తేలిగ్గా వస్తుంది, అది కంటికి కనబడుతుంది కాబట్టి. ఊళ్లో తాళం పడ్డ ఇల్లు అందంగా సున్నం వేసి, పూలకుండీలతో ఉంటుంది. దాని మీద ఎవరికీ కోపం రాదు.

తమ్ముడు: ఇంకొకటి కూడా చెప్పు. ఇంత ఖాళీ నేల, ఇంత ప్రశాంతత, కోట్లు పెట్టినా మనకు దొరకదు. చదరపు కిలోమీటరుకు తొమ్మిది మంది. తెలంగాణలో 312. ఇన్ని మైళ్లలో మనిషన్నవాడు కనబడకపోవడమే నాకు నచ్చింది. ఇందులోంచి త్వరగా వెళ్లిపోవాలని నాకు మాత్రం ఉందా?

అక్క: ఆ ఖాళీ దానంతట అది వచ్చింది కాదు రా. ఈ ఎదురుగా ఉన్న పాయ నుంచే 1773లో హెక్టర్ అనే ఓడ దాదాపు 190 మందిని ఎక్కించుకుని కెనడాలో నోవా స్కోషియాకు పోయింది. అప్పటికి కౌళ్లు పెరిగి బతకలేక పోయినవాళ్లు వాళ్లు. తర్వాత వచ్చింది ఇంకా ఘోరం. నువ్వు రేపు రాత్రికి చేరదామన్న బెటీహిల్ పక్కనే స్ట్రాత్‌నేవర్ లోయ. 1814లో, 1819లో ఆ లోయలో ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేయించారు. గొర్రెలు మేపితే జమీందారుకు ఎక్కువ రాబడి. కప్పులకు నిప్పు పెట్టారు. ప్యాట్రిక్ సెల్లార్ అనే ఉద్యోగి మీద 1816లో విచారణ జరిగింది, నిర్దోషి అని వదిలేశారు. బెటీహిల్ అనేది ఆ తరిమేసినవాళ్లను సముద్రపు ఒడ్డున రాతినేల మీద దించిన ఊరే.

తమ్ముడు: మన నాన్నకు ఇది చెప్పావా?

అక్క: చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియక. శ్రీశైలం నీళ్ల కింద దాదాపు వంద ఊళ్లు పోయాయి. నాన్న ఆ ప్రాజెక్టు జీతంతోనే మనల్ని చదివించారు. వేసవిలో నీళ్లు తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, ఏటా వెళ్లి చూసి వచ్చేవారు. ఎందుకని చిన్నప్పుడు అడిగితే చెప్పేవారు కాదు. ఆ మనిషికి స్ట్రాత్‌నేవర్ కిటికీలోంచి చూపించి పోతావా? గంటకు నలభై మైళ్ల వేగంతో?

తమ్ముడు: పోను. కానీ అక్కా, ఇప్పుడు నువ్వే నాకు బెటీహిల్ వెళ్లాలనిపించేలా చేశావు.

అక్క: వెళ్లు. బెటీహిల్ కోసమే వెళ్లు, చుట్టు కోసం కాదు. ఒకరోజు అక్కడే ఉండు, పాత చర్చిలో పెట్టిన మ్యూజియం ఉంది, నాన్నను తీసుకెళ్లు. జాన్ ఓ గ్రోట్స్ వదిలెయ్. ఆ బోర్డు పక్కన ఫొటో దిగి అందరూ బ్రిటన్ ఉత్తరపు కొస అనుకుంటారు, అసలు కొస డన్నెట్ హెడ్.

తమ్ముడు: బెటీహిల్ వెళ్తే ఇక్కడ ఉండమన్నావు కదా, అదెట్లా?

అక్క: రెండూ కుదరవు. ఒకటి వదులుకోవాలి. నేను రేపు ఇక్కడుండమనడానికి కారణం నాకన్ క్రాగ్. ఉత్తరంగా పదమూడు మైళ్లు. అక్కడ రాతిగోడ మీద పై పొర కింది పొరకంటే ముసలిది. కింద ఉన్నది యాభై కోట్ల ఏళ్ల సున్నపురాయి, దాని నెత్తిన ఎక్కి కూర్చున్నది నూరు కోట్ల ఏళ్ల రాయి. ఇది ఎలా సాధ్యమని శాస్త్రవేత్తలు దశాబ్దాలు కొట్టుకున్నారు. చివరికి పీచ్, హార్న్ అనే ఇద్దరు కొండ కొండా తిరిగి, భూమి పొరలు మైళ్ల దూరం జరిగి ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయని తేల్చి 1907లో అచ్చువేశారు. దాన్ని చూడ్డానికి ఎండ అక్కర్లేదు, దూరం కనబడనక్కర్లేదు. పిల్లలు గొడుగు పట్టుకుని రెండు రాళ్ల మధ్య గీత మీద చెయ్యి పెట్టొచ్చు.

తమ్ముడు: అమ్మ?

అక్క: అమ్మకు నడక కష్టం. ఊళ్లోనే ఉంటానంటే నేను తోడుంటాను. ఇక్కడి మ్యూజియం 1788లో చేపల రేవుగా కట్టిన ఈ ఊరి కథే చెబుతుంది. మెట్లెక్కే కొండ కాదు.

తమ్ముడు: పిల్లలకు డర్నెస్‌లో స్మూ గుహ చూపిస్తానని మాటిచ్చాను. గుహ లోపల జలపాతం ఉంటుంది. నాకన్ రాళ్లు చూపించి సరిపెడితే ఊరుకోరు.

అక్క: ఆ జలపాతం ఎప్పుడు బాగుంటుందో తెలుసా? పైన ఏరు పొంగినప్పుడు. పొడి వారాల్లో వెళ్తే సన్నటి ధార, అంతే. ఇలాంటి వానలో వెళ్తేనే గుహ కప్పులోంచి విరుచుకుపడుతుంది. లోపలికి చెక్క వంతెన వేశారు, దాని మీద నిలబడి చూడొచ్చు.

తమ్ముడు: అంటే ఇదే వాన రేపూ ఉంటే డర్నెస్, అక్కణ్నుంచి బెటీహిల్, అక్కడ ఒక రోజు ఆగడం. తగ్గితే ఇక్కడే ఉండి నాకన్ క్రాగ్.

అక్క: ఏదైనా సరే, చివర ఇన్వర్నెస్‌లో తేలతాం. గ్లాస్గోకు దిగేటప్పుడు మాత్రం వచ్చిన దారే పట్టు. టిండ్రమ్ దగ్గర ఈసారి కుడికి తిరగాలి. క్రూఅఖన్‌కు ఎంత సేపైనా ఇస్తానని మాటివ్వు.

తమ్ముడు: ఇస్తాను. కానీ చుట్టు పూర్తిచేయలేదన్న బాధ నాకుంటుంది, నువ్వేం చెప్పినా. నాకు అమ్మానాన్నలతో మొత్తం తిరిగానని చెప్పుకోవాలని ఉంది.

అక్క: ఉండనీ. నాన్నను పొద్దున అడుగుదాం, స్ట్రాత్‌నేవర్ సంగతి నేను చెబుతాను. అమ్మనూ అడుగుదాం.

తమ్ముడు: అమ్మ లండ్రీ రూమ్ ఉన్నచోట ఆపమంటుంది.

అక్క: అయితే బెటీహిల్‌లో ఉందో లేదో ఇప్పుడే చూడు. నేను కప్పు మీద కిటికీ తెరుస్తాను, నువ్వు ఆ పరుపు అంచు కింద తువ్వాలు పెట్టు.